మోటర్ కాలినోళ్లు ఫోన్‌లో ఏమని వెతుకుతారు

మాది హన్మకొండలో ములుగు రోడ్డు మీద మోటర్ వైండింగ్ షాపు. వెనక మా ఆయన, ఇద్దరు పిలగాళ్లు కాయిళ్లు చుడతారు. ముందు టేబుల్ కాడ ఫోన్లు, బిల్లులు, ఉద్దెర పుస్తకం నావి. వెబ్‌సైటూ నాదే. వైండింగ్ షాపుకు వెబ్‌సైట్ ఏందని నవ్వినోళ్లు ఉన్నారు. వాళ్లే ఈ మధ్య ఫోన్ చేసి "అక్కా, గూగుల్ల మీ షాపు పైకొస్తంది, మాది యాడ్నో కింద పడ్డది, ఏం చేసిన్రు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను, ప్రచారం అనుకుంటారు.

"మోటర్ వైండింగ్ దగ్గరలో" అని కొడితే పైన మ్యాప్‌తో పాటు వచ్చే షాపులు వేరు, వాటి కింద వచ్చే వెబ్‌సైట్ల వరుస వేరు. రెండింటి లెక్కా ఒకటి కాదు. మ్యాప్‌లో ఎవర్ని ముందు చూపించాలో గూగుల్ మూడు సంగతులు చూస్తుంది. వెతికిన పనికి షాపు సరిపోతుందా, వెతికినోళ్లకు ఎంత దూరంలో ఉంది, జనంలో ఎంత పేరుంది. ఇది గూగుల్ తన సహాయ పేజీలోనే రాసి పెట్టింది, రహస్యమేం కాదు. ఇందులో దూరం మన చేతిలో లేదు. కాజీపేటలో నిలబడి వెతికినోళ్లకు కాజీపేట షాపే ముందు రావాలె. ఐదు హెచ్‌పీ మోటర్‌ను ఆటోలో వేసుకుని ఊరు దాటి మా దాక ఎందుకొస్తారు? మా తోటి షాపులోళ్లు పైసలు పోగొట్టుకునేది ఇక్కడే, దూరాన్ని గెలిపిస్తామని చెప్పేటోళ్ల చేతిలో.

అట్లాంటి ఒకాయన మా కాడికీ వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి, మండలానికో పేజీ చేస్తానన్నాడు. పరకాలలో బెస్ట్ మోటర్ వైండింగ్, నర్సంపేటలో బెస్ట్ మోటర్ వైండింగ్, ఇట్లా. ఊరి పేరు ఒక్కటి మారుతుంది, మిగతాదంతా మక్కీకి మక్కీ. మూడు నెలల్లో నంబర్ వన్, గ్యారంటీ అట. నంబర్ వన్‌కు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తానే రాసింది. ఊరి పేరు మార్చి అచ్చేసే పేజీలను డోర్‌వే పేజీలంటారు, స్పామ్ కింద జమ చేస్తారు. ఆయన జాబితాలో కీవర్డ్స్ ట్యాగ్ నింపడం కూడా ఉంది, అంటే జనం వెతికే మాటలను పేజీ వెనక కోడ్‌లో కనబడకుండా రాసి పెట్టడం, దానికి వేరే రేటు. ఆ ట్యాగ్‌ను వెబ్ సెర్చ్‌లో చూడనే చూడమని గూగుల్ చెప్పింది 2009లో! మా ఆయన చాయ్ తాగించి పంపించాడు.

ఊళ్ల పేజీలకు బదులు ఒకటే పేజీ పెట్టాను. మా ట్రాలీ ఆటో ఏ తోవన పోతుంది, ఏ రోజు పోతుంది, మోటర్ ఎక్కించుకుని రావడానికి ఎంత తీసుకుంటాం. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాక ఒక తోవ, అక్కడి నుంచి పరకాల దిక్కు ఒకటి, ఆత్మకూరు మీదుగా మల్లంపల్లి దాక ఇంకొకటి. ఊర్ల పేర్లన్నీ వాటంతట అవే వచ్చాయి, ఎందుకంటే బండి నిజంగానే ఆ ఊళ్లకు పోతుంది. పరకాల దిక్కు నుంచి వెతికినోళ్లకు మ్యాప్‌లో మేం కనబడం. కింద వెబ్‌సైట్ల వరుసలో ఆ పేజీ కనబడుతుంది. మాకు అది చాలు.

ఇగ ప్రొఫైల్ సంగతి. మ్యాప్‌లో మన షాపును నొక్కితే పేరు, అడ్రసు, నంబరు, రివ్యూలు కనబడేది ఇదే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు, 2021 దాక దీని పేరు గూగుల్ మై బిజినెస్. అప్పట్లో దాంట్లోనే ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైట్ తయారయ్యేది. వాటిని 2024 మార్చిలో ఆపేశారు. హన్మకొండ చౌరస్తా నుంచి మా షాపు దాక నడిస్తే ఆ పాత అడ్రసు ఉన్న ఫ్లెక్సీలు ఇంకా కనబడతాయి, అందులో ఏదీ తెరుచుకోదు. మీ బోర్డు మీద అదే ఉంటే ముందు దాని మీద స్టిక్కర్ వేయించండి.

మా ప్రొఫైల్‌ను ఎప్పుడో ఎవరో చేసిచ్చారు, కేటగిరీ ఎలక్ట్రీషియన్ అని పెట్టి. దాంతో "ఫ్యాన్ బిగిస్తరా", "ఇంట్ల ఎంసీబీ పడిపోతంది" అని రోజూ ఫోన్లు. వెతికిన పనికి షాపు సరిపోవడం అంటే ఇదే. మొదటి కేటగిరీని మోటర్ రిపేరుకు దగ్గరగా ఉన్నదానికి మార్చి, పంపులు అమ్ముతాం కాబట్టి అది రెండోదిగా పెట్టాను. సర్వీసుల్లో మేం చేసే పనులు విడివిడిగా రాశాను: సబ్‌మెర్సిబుల్ రీవైండింగ్, మోనోబ్లాక్, స్టార్టర్ రిపేర్, బుష్‌లు, బేరింగులు, కూలర్ మోటర్. ఫ్యాన్ ఫోన్లు తగ్గిపోయాయి. ఏదైనా ఒక్కటే చేసే టైముంటే ఈ కేటగిరీ చూసుకోండి.

పేరు విషయంలో ఆశపడొద్దు. బోర్డు మీద ఏముందో ప్రొఫైల్‌లో అదే ఉండాలని నియమం. పేరు వెనక "హన్మకొండలో నంబర్ వన్ మోటర్ వైండింగ్" అని తోకలు తగిలించినోళ్లు కొన్నాళ్లు పైన కనబడతారు, నిజమే. తర్వాత ఎవరో ఒకరు సవరణ పంపిస్తారు, లేకుంటే ప్రొఫైలే సస్పెండ్ అవుతుంది. సీజన్ నడుమ సస్పెండ్ అయిన షాపాయన మొఖం చూశాను నేను.

అడ్రసుతో మాకు వచ్చిన లొల్లి బహుశా మన దిక్కు వాళ్లకే ఉంటుంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. మా షాపు ఒక డైరెక్టరీ సైట్లో వరంగల్ అర్బన్, ఇంకోదాంట్లో వరంగల్ జిల్లా, మూడోదాంట్లో హన్మకొండ. పిన్‌కోడ్ ఒకచోట 506001, ఇంకోచోట 506002. ఒకదాంట్లోనైతే మా మామయ్య పాత నంబరు, ఆ సిమ్ ఇప్పుడెవరి దగ్గరుందో! ఇవన్నీ ఒకే షాపువా కావా అని మనుషులకే అనుమానం వస్తుంది. ఒక కాగితం మీద పేరు, అడ్రసు, నంబరు ఎట్ల రాయాలో ఒకసారి ఖాయం చేసుకుని, కనబడిన ప్రతిచోటా అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టుకుంటూ పోయాను. విసుగు పుట్టించే పని. ఒక్కో సైటు ఓటీపీని ఆ పాత నంబరుకే పంపుతుంది, అప్పుడు మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలె.

ప్రొఫైల్‌లో ఉన్న షాపు మనదేనని గూగుల్‌కు రుజువు చూపించే వెరిఫికేషన్‌కు ఇప్పుడు ఎక్కువగా వీడియోనే అడుగుతున్నారు. మధ్యలో ఆపకుండా, కత్తిరించకుండా తీయాలె, కనీసం 30 సెకన్లు. మా ఆయనకు కెమెరా ముందు నిలబడటం చిన్నతనం, "నేను రాను, చేతులు చూపిస్త గంతే" అన్నాడు. సరే అన్నాను, మనుషుల మొఖాలు అక్కర్లేదు కూడా. పొద్దుగాల షాపు తెరవకముందే రోడ్డు మీద నుంచి మొదలుపెట్టాను. పక్కనున్న ఎరువుల షాపు బోర్డు, మా బోర్డు, తాళం తీస్తున్న చేతులు, షట్టర్ లేపిన చప్పుడు, లోపల కాయిల్ చుట్టే మిషన్, గోడకు వేలాడే రాగి తీగ చుట్టలు, వార్నిష్ ఆరబెట్టిన స్టేటర్లు, ఆఖరుకు నా టేబుల్ మీద షాపు పేరున్న బిల్లు బుక్కు. ఫలానా చోట ఫలానా షాపు ఉంది, తాళంచెవి వీళ్ల చేతిలోనే ఉంది అని తెలిస్తే చాలు వాళ్లకు.

రివ్యూల కోసం మా మరిది "నా దోస్తులు యాభై మంది ఉన్నరు వదినా, రాత్రికి అందరితోని కొట్టిస్త" అన్నాడు. వద్దన్నాను. హైదరాబాద్‌లో కూర్చున్న పిలగాళ్లు ఒకే రాత్రి హన్మకొండ వైండింగ్ షాపును పొగిడితే ఎవరు నమ్ముతారు? రివ్యూకు డిస్కౌంట్ ఇవ్వడం కూడా నియమాలకు విరుద్ధం. ప్రొఫైల్‌లో రివ్యూకు లింకు, క్యూఆర్ కోడ్ వస్తాయి. అది ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టాను. అడిగే సమయం మాత్రం చూసి అడుగుతాను. మోటర్ టెస్టింగ్ బల్ల మీద తిరుగుతుంటే రైతు చెయ్యి పెట్టి చూసుకుంటాడు. ఆ చప్పుడు విన్నప్పుడు మనిషి నెమ్మదిస్తాడు. బిల్లు కట్టేటప్పుడు అడిగితే పైసల మీద ధ్యాస ఉంటుంది, అప్పుడు అడగను.

చాలామంది ఫోన్‌లో టైపు చేయరు, మైకు నొక్కి చెప్తారు. ఒక పెద్దాయన మైకులో "నా మోటరు పొద్దున ఇచ్చిన, తెల్లారికల్ల ఇచ్చిన్రు, నీళ్లు మంచిగ పోస్తంది" అన్నాడు. ఫోన్ దాన్ని కొంత తప్పుల తడకగా రాసింది. దిద్దుతానంటే వద్దన్నాడు, అట్లనే పెట్టాం. నేను ఎంత మంచిగా రాసినా దానికి సాటి రాదు. మోటర్, నీళ్లు, ఎన్నాళ్లలో ఇచ్చారు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క స్టార్ ఇచ్చినాయన కూడా ఉన్నాడు, బుష్ మళ్లీ పోయిందని. జవాబులో మోటర్ తెమ్మని, చూసి చెప్తామని రాశాను. ఆయన తెచ్చాడు, బోరులో ఇసుక వస్తోందని తేలింది. స్టార్ మార్చలేదు, నేనూ అడగలేదు.

వెబ్‌సైట్ దగ్గరికొస్తే, చాలా షాపుల సైట్లలో బ్రౌజర్ ట్యాబు మీద కనబడే టైటిల్ "హోమ్" అని ఉంటుంది. గూగుల్‌లో నీలం రంగు లైనుగా వచ్చేది చాలాసార్లు అదే. అక్కడ ఏం పని చేస్తారో, ఏ ఊళ్లోనో రాసుకోవాలె. ఆ తర్వాత గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అని ఉంటుంది, అది పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు. జనం ఏ మాటలు కొడితే మన పేజీ కనబడిందో, ఎంతమంది నొక్కారో చూపిస్తుంది. పదహారు నెలల లెక్క ఉంటుంది కాబట్టి పోయిన యాసంగిని ఈ యాసంగితో పోల్చుకోవచ్చు. అందులో మా గ్రాఫ్ లైను మార్చి, ఏప్రిల్‌లో లేస్తుంది, వానలు పడంగనే పడిపోతుంది. పోయిన నెలతో పోల్చుకుని జూలైలో గాబరా పడితే అర్థం లేదు.

నాకు అసలు అక్కర తీర్చింది ఆ మాటల జాబితానే. మేం "రీవైండింగ్ సర్వీసెస్" అని పేజీ పెట్టుకుని కూర్చుంటే జనం "మోటర్ గుయ్యిమంటుంది తిరగట్లేదు", "స్టార్టర్ పడిపోతుంది", "మోటర్ నడుస్తుంది నీళ్లు రావట్లేదు" అని వెతుకుతున్నారు. కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో. మోటర్ కాలకముందు వాళ్లకున్న ప్రశ్న అది. ఒక్కోదానికి ఒక్కో పేజీ రాశాను. మా ఆయన పని చేసుకుంటూ చెప్తుంటే ఆయన మాటల్లోనే రాసుకున్నాను. గుయ్యిమని తిరగకపోతే, త్రీఫేజ్ మోటర్ అయితే ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా చూడాలె, ఒక ఫ్యూజు పోయి ఉండొచ్చు. సింగిల్ ఫేజ్ అయితే కెపాసిటర్. రెండూ బాగుంటే బేరింగ్ పట్టేసిందో, ఇంపెల్లర్‌లో మట్టి ఇరికిందో. ఏదైనా సరే అట్లనే ఆన్‌లో పెట్టి చూస్తూ నిలబడొద్దు, కాయిల్ మాడిపోతుంది.

"గిట్ల అన్నీ చెప్తే మనకాడికి ఎవరొస్తరు?" అన్నాడాయన. ఫ్యూజు వేసుకుంటే నడిచే మోటర్‌ను మన దగ్గరికి మోసుకొస్తే మాత్రం మనమేం చేస్తాం, ఫ్యూజు వేసుకో అనే కదా చెప్తాం. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు "ఫేజులు చూసిన అక్కా, మూడూ వస్తున్నయ్" అని మొదలుపెడుతున్నారు. ఆయనకు సగం మాట్లాడే పని తగ్గింది.

ఫొటోల సంగతి ఒక్కటి చెప్తా. ఫోన్‌తో తీసిన ఫొటోను అట్లనే ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీ. పేజీ తెరవంగనే అన్నిటికంటే పెద్దగా ఉండే ఫొటోనో రాతనో రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత. కొలత ఎట్లున్నా, మా పేజీ తెరిచేది సిగ్నల్ ఒక గీత ఉన్న బావి కాడ. ఫొటోలన్నీ వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చి చిన్నగా చేశాను, పైన జారిపోయే బ్యానర్ తీసేశాను, నొక్కితే ఫోన్ కలిసేలా నంబరు పైనే పెట్టాను. షాపు పేరు, అడ్రసు, వేళలు గూగుల్‌కు అర్థమయ్యేలా పేజీ వెనక రాసే స్కీమా కోడ్ కూడా పెట్టాను, దాంతో పెద్ద తేడా నాకైతే కనబడలేదు.

పండుగల టైమింగులు మరవొద్దు. సద్దుల బతుకమ్మ, దసరా, మేడారం జాతర. జాతరప్పుడు మా రోడ్డు మీద బండి కదలదు. ఆ నాలుగు రోజులు షాపు మూసినట్టు ప్రొఫైల్‌లో ప్రత్యేక వేళలు పెట్టకపోతే, తెరిచి ఉందని చూసి మోటర్ వేసుకొచ్చిన మనిషి ట్రాఫిక్‌లో నిలబడి మన మీద రివ్యూ రాస్తాడు.

ఇంకా తేలనిది రేట్ల పేజీ. "వైండింగ్ రేటు" అని వెతికేవాళ్లు మస్తుమంది, మా దగ్గర దానికి పేజీ లేదు. రాగి ధర వారానికో తీరు మారుతుంది, పక్క షాపులు చూస్తాయి అని మా ఆయన ఒప్పుకోవట్లేదు. హెచ్‌పీని బట్టి ఇంత నుంచి ఇంత దాక అని, కింద తేదీ వేసి పెడదామని నేను. ఈసారి యాసంగి మొదలయ్యేలోపు పెట్టేస్తా, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.