అంబాసిడర్ డోరు సందులు: ఎంత సన్నం చేస్తే చాలు

మంగళవారం. షెడ్డులో ఈరోజంతా ఎడమవైపు రెండు డోర్ల మీదే పని. బండి మార్క్ 2 అంబాసిడర్. పాత రంగు గీకి, తుప్పు పట్టినంతా కోసి, సిల్‌లు (డోర్ల కింద పొడవునా ఉండే గడప భాగం) కొత్త రేకుతో కట్టి, ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు వేసిన బాడీ. ఇప్పుడు డోర్లు, ఫెండర్లు, బానెట్ రంగు లేకుండానే బిగించి సందులు (రేకుకీ పక్క రేకుకీ మధ్య ఖాళీ) చూసుకునే దశ. పెయింటింగ్ కంటే దీనికే ఎక్కువ రోజులు పడతాయి. పట్టనివ్వాలి కూడా.

డోరు ముట్టుకునే ముందు బండి ఎలా నిలబడిందో చూడాలి. అంబాసిడర్‌కి లారీలాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. సిల్ మధ్యలో జాకీ పెట్టి లేపితే డోరు సందు కళ్ల ముందే మారిపోతుంది. అందుకే బండి చదును నేల మీద నాలుగు చక్రాల మీద ఉండాలి. కుదరకపోతే స్టాండ్లు వెనక ఆక్సిల్ కింద, ముందు సస్పెన్షన్ చేతుల కింద పెట్టాలి. ఇంజన్ దించేసి ఉంటే ఆ జాగాలో 50 కిలోల ఇసుక బస్తాలు మూడు వేస్తాం. బరువు లేని బండికి సరిచేసిన సందు, ఇంజన్ ఎక్కాక అలాగే ఉంటుందన్న హామీ లేదు.

ఆ తర్వాత టేపు. డోరు కూర్చునే ద్వారాన్ని మూల నుంచి మూలకు కొలిచి, అటువైపు ద్వారంతో పోల్చాలి. తేడా 3 మి.మీ. దాటితే పిల్లర్ (డోరు పక్కన నిలువుగా ఉండే స్తంభం) కదిలిందని అర్థం. సిల్ కోయకముందే, ముందు పిల్లర్‌కీ మధ్య పిల్లర్‌కీ 25 మి.మీ. చదరపు పైపు అడ్డంగా వెల్డింగ్ చేయకపోతే ఇలా అవుతుంది. అప్పుడు హింజ్ ఎంత జరిపినా లాభం లేదు. పిల్లర్‌ని దాని చోటికి తేవాల్సిందే. ఈ బండికి రెండు వైపులా కొలతలు కలిశాయి, సంతోషం.

లాక్ స్ట్రైకర్ (డోరు లాక్ వచ్చి పట్టుకునే, పిల్లర్ మీది ముక్క) విప్పకుండా సందు చూడడం టింకరింగ్ షెడ్లలో చాలాచోట్ల కనిపించే అలవాటు. వాలిపోయిన డోరుని మూసేటప్పుడు స్ట్రైకరే ఎత్తి పట్టుకుంటుంది. సందు బాగున్నట్టు కనిపిస్తుంది, లాక్ మాత్రం అరిగిపోతూ ఉంటుంది. స్ట్రైకర్ విప్పి, డోరు సగం తెరిచి, చివర పట్టుకుని పైకి లేపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రెండు హింజ్‌ల మధ్య ఎడం కన్నా డోరు పొడవు రెట్టింపు పైమాటే. కనుక పిన్ను దగ్గర అర మి.మీ. వదులుంటే డోరు చివర 1 మి.మీ. దాటి ఊగుతుంది. రంధ్రం గుండ్రంగా లేకుండా అరిగితే కొత్త పిన్ను వేసినా నిలవదు. రంధ్రాన్ని రీమర్‌తో అర మి.మీ. పెంచి, దానికి తగ్గ పిన్ను లేత్ మీద తిప్పించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని పట్టుకెళ్లి ఇస్తే చేసిచ్చేస్తారు. ఇది వదిలేసి రేకు కొట్టడం మొదలుపెడితే ఆ కష్టమంతా వృథా.

ఎప్పుడూ వెనక డోరుతో మొదలుపెట్టాలి. వెనక క్వార్టర్ (వెనక చక్రం మీది రేకు) భాగం బాడీతో కలిసిపోయి ఉంటుంది, జరగదు. దానికి వెనక డోరు, వెనక డోరుకి ముందు డోరు, ముందు డోరుకి ఫెండరు, ఫెండర్లకి బానెట్, ఈ వరుసలో సరిపెట్టుకుంటూ రావాలి. ఫెండరు బోల్టుల మీద ఉంటుంది కాబట్టి మిగిలిన తేడా అక్కడ సర్దుకోవచ్చు. ముందు నుంచి వెనక్కి వెళ్తే తేడా అంతా జరగని చోట పోగవుతుంది.

కొలవడానికి డ్రిల్ బిట్ల కాడలు చాలు: 3.5 నుంచి 7 మి.మీ. దాకా, అర మి.మీ. తేడాతో. డోరు అంచు వెంట మాస్కింగ్ టేపు అంటించి, ప్రతి 100 మి.మీ.కి ఒక అంకె పెన్సిల్‌తో రాశాను. వెనక పైమూల దగ్గర 7, కింద సిల్ దగ్గర 3.5. చివర వాలిన డోరుకి ఇది అచ్చమైన గుర్తు. కింది హింజ్ వెనక 1 మి.మీ. రేకు షిమ్ (ఎడం పెంచే పలచటి ముక్క) పెడితే డోరు అడుగు వెనక్కి జరిగి, చివర సుమారు 2 మి.మీ. లేస్తుంది. పెట్టాక పైన 5, కింద 5.5. సుత్తి అవసరమే పడలేదు. చక్రం వంపు దగ్గర మాత్రం ఒక జానెడు మేర 7 అలాగే ఉండిపోయింది. అక్కడ డోరు అంచుకి 2 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) తీగ వెల్డింగ్ చేయాలి. 25 మి.మీ.కి ఒక చుక్క, ఒకచోట పెట్టాక దూరంగా ఇంకోచోట, మధ్యమధ్య చల్లారనివ్వడం. ఒక్క ఊపున లాగితే రేకు ఉబ్బి, డోరు బయటి ముఖమే చెడిపోతుంది.

సందు మరీ బిగుతుగా ఉంటే అంచుని గ్రైండర్‌తో అరగదీయడం ఇంకో తొందరపాటు. డోరు బయటి రేకు లోపలి ఫ్రేము మీదికి మడత పడి ఉంటుంది. ఆ మడత అరిగిపోతే రెండూ విడిపోతాయి. తప్పనిసరై తీసినా వెంటనే అంచు పొడవునా వెల్డింగ్‌తో కలపాలి. అంచు మీద పుట్టీ అసలే వద్దు. డోరు ధబాలున వేసిన ప్రతిసారీ ఆ అంచు అదురుతుంది, పుట్టీ పెచ్చులూడుతుంది. చదును ముఖం మీద 2 మి.మీ. లోపు అయితే ఫరవాలేదు.

సందు 5 దగ్గరే ఎందుకు ఆపాలి, కొత్త కార్లలాగా 3.5 చేయొచ్చు కదా అని అడుగుతుంటారు. చేతికి ఓపిక ఉంటే చేయొచ్చు. కానీ ప్రైమర్, ఫిల్లర్, రంగు, దాని మీద మెరుపుకి వేసే క్లియర్ కలిపి ఒక్కో అంచుకి పావు మి.మీ. దాకా మందం వస్తుంది, రెండు అంచులకి కలిపి అర మి.మీ. సందు పోతుంది. పంక్చర్ వేయడానికి ఒక మూల జాకీ ఎత్తితే ఇంకొంత తగ్గుతుంది. డోరు తెరిచేటప్పుడు దాని ముందు అంచు ఫెండరు పక్కనుంచే తిరుగుతుంది. అన్నీ కలిసి రంగు మొదట ఊడేది అక్కడే. పైగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపర ఫ్యాక్టరీ నుంచి ఈ బండి అంత సన్నటి సందులతో ఎన్నడూ రాలేదు. అవసరానికి మించి మార్చకూడదని పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తెచ్చిన టురిన్ చార్టర్ కూడా చెబుతోంది. నా దృష్టిలో సందు సన్నంగా ఉండడం కన్నా పొడవునా ఒకే తీరున ఉండడం ముఖ్యం. 5 నుంచి 5.5 మధ్య అంచు వెంట నడిచే సందుని కన్ను పట్టదు. 4 నుంచి 6కి పోయే సందు పది అడుగుల నుంచే కనిపిస్తుంది.

సందు కుదిరాక ఎత్తుపల్లాలు. ఒక ప్యానెల్ మీద నుంచి పక్కదాని మీదికి నూలు గ్లౌజుతో చెయ్యి పోనిస్తే అర మి.మీ. మెట్టు కూడా తగులుతుంది. ముందు ప్యానెల్ వెనకదాని కన్నా కాస్త బయటికి ఉన్నా ఫరవాలేదు, తిరగబడితే గాలి కొట్టుకుని చప్పుడు. డోరు పైభాగం లోపలికి, అడుగు బయటికి ఉంటే మెలి తిరిగిందన్నమాట. పైభాగం పిల్లర్‌కి తగిలే చోట 20 మి.మీ. చెక్క ముక్క అడ్డం పెట్టి, అడుగున మోకాలితో మెల్లగా నొక్కాలి. ఒక్కో నొక్కుకీ కొలుచుకుంటూ పోవాలి.

సాయంత్రం రబ్బరు బీడింగ్ తాత్కాలికంగా బిగించి చూశాను. కొత్త రబ్బరు గట్టిగా ఉండి డోరుని 3 మి.మీ. బయటికి నెట్టింది. ఇది చూసి డోరు వంచేవాళ్లున్నారు. కొన్నాళ్లు మూసి ఉంచి రబ్బరు అణిగాక చూడాలి, అప్పటికీ తగ్గకపోతే మెత్తటి స్పాంజి రకం తెచ్చుకోవాలి. కాగితం ముక్క మధ్యలో పెట్టి డోరు మూసి లాగితే ఎక్కడ ఒత్తుతోందో, ఎక్కడ వదులో తెలిసిపోతుంది. అద్దం, వైండర్ (అద్దం ఎత్తి దించే సరంజామా), లాక్ డోరులోనే ఉంచి ఈ పనంతా చేయాలి. ఖాళీ డోరుకి కుదిరింది బరువెక్కాక కుదరదు.

రేపు ముందు డోరుకి ఫెండరు. అది అయ్యాక, పెయింట్‌కి విప్పే ముందు ప్రతి హింజ్ రేకు గుండా పిల్లర్‌లోకి 3 మి.మీ. రంధ్రం ఒకటి వేయాలి. తిరిగి బిగించేటప్పుడు అందులో డ్రిల్ బిట్ దూర్చి బోల్టులు బిగిస్తే హింజ్ పాత చోటికే వచ్చి కూర్చుంటుంది. షిమ్‌లు ఏ హింజ్‌వి ఆ కవరులో, మీద పేరు రాసి.