‘ఉ’ అనగానే ఉప్పు కార్డు

జనవరిలో మా అమ్మాయి బడిలో కరుతా పోటీ. టోక్యోలో నాలుగో తరగతి చదువుతోంది. నేల మీద వంద కార్డులు పరుస్తారు. ఒకరు పాత పద్యం మొదటి నుంచి చదువుతుంటే, దాని చివరి రెండు పాదాలున్న కార్డును ఎవరు ముందు కొడితే వాళ్లది. ‘ము’ అని వినపడితే చాలు, దీని చెయ్యి లేచిపోతుంది. వందలో ‘ము’తో మొదలయ్యేది ఒక్కటే. అలా మొదటి అక్షరానికే దొరికిపోయే పద్యాలు ఏడున్నాయి.

నేను పది వేమన పద్యాలు నేర్పడానికి రెండేళ్లు పట్టింది. అదీ బతిమాలి, బెదిరించి. కుళ్లుకున్నాను, దాచడమెందుకు.

ఆ వందా ఏరిన మనిషి ఫుజివారా నో తెయికా (1162–1241), క్యోటో ఆస్థాన కవి. 1235 ప్రాంతంలో, కవికొకటి చొప్పున ఏరాడు. వాళ్లలో 21 మంది స్త్రీలే. ఒక్కో పద్యానికి మామూలుగా వాళ్ల లెక్కలో 31 అక్షరాలు. 97వది తెయికాదే, కానీ గొంతు మాత్రం ఆడమనిషిది. రాని వాడి కోసం ఎదురుచూస్తోంది. అవాజి ద్వీపంలో మత్సుహో తీరం, గాలి పడిపోయిన సాయంత్రం. ఉప్పు కోసం సముద్రపు నాచు కాలుస్తున్నారు. ఆ నాచులా నేనూ కాలిపోతున్నాను అంటుంది. ‘మత్సు’ అంటే ఎదురుచూడటం, అది తీరం పేరులోనూ ఉంది.

“దీన్నే శ్లేష అంటారే” అన్నాను.

“మనకీ ఉందా!” అంది. ఇన్నేళ్లూ నీతులు తప్ప ఇంకేం వినిపించానని!

ఆ ఆదివారం అట్టముక్కలు కత్తిరించి వేమన కరుతా మొదలుపెట్టాం. మొదటి కార్డుకే చిక్కు. చివరి పాదం రాద్దామంటే అన్నిటికీ ‘విశ్వదాభిరామ వినుర వేమ’ ఒక్కటే. అది పడీపడీ నవ్వింది. సరే, మూడో పాదం రాశాం. ‘అ’తో రెండున్నాయి కాబట్టి రెండో అక్షరం దాకా ఆగాలి: ‘అన’ అయితే అనగననగ, ‘అల్’ అయితే అల్పుడు. ఉప్పు కప్పురంబుకి మాత్రం ‘ఉ’ చాలు.

చదవడానికి తణుకు నుంచి అమ్మమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది. కళ్లజోడు సవరించుకుని, గొంతు సరిచేసుకుని, “ఉ...” అందో లేదో ఇక్కడ కార్డు గోడకి ఎగిరి తగిలింది.

“ఉండవే, పద్యం పూర్తిగా చదవనీ!” అని కోప్పడింది అమ్మమ్మ.