లద్దాఖ్ ట్రైల్ మారథాన్: పరుగు కన్నా సర్టిఫికెట్టే కష్టం

లద్దాఖ్ కొండల్లో 42 కిలోమీటర్ల ట్రైల్ మారథాన్ ముగించుకుని విజయనగరం వచ్చాను. తొడల నొప్పి ఇంకా తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. కోపం కొండ మీద కాదు, మెడికల్ సర్టిఫికెట్ మీద. మన వైపు నుంచి వెళ్లాలనుకునేవాళ్లు బూట్ల కన్నా ముందు దీని సంగతి చూసుకోండి.

రిజిస్ట్రేషన్ ఫోన్‌లో అయిపోతుంది. శిక్షణకు మనకు కొండల కొరత లేదు. వారం మధ్యలో రామతీర్థం బోడికొండ మెట్లు, ఆదివారం తెల్లారకముందే ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగడం. లారీలు మొదలయ్యేలోపు కిందికి వచ్చేయాలి. లెక్క మాత్రం కిలోమీటర్లలో వేసుకోకండి. ప్రతి 100 మీటర్ల ఎక్కుడును అదనంగా ఒక కిలోమీటరు అనుకోవాలి. 42 కిలోమీటర్లలో 1,800 మీటర్ల ఎక్కుడు ఉంటే అది 60 కిలోమీటర్ల శ్రమ. విశాఖ బీచ్ రోడ్డు మారథాన్ టైము చూపించి మీసం మెలేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇక సర్టిఫికెట్. నిర్వాహకుల ఫారంలో బీపీ, ఈసీజీ, రక్తం గ్రూపు, డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు, వీటన్నిటి కింద ‘3,500 మీటర్ల ఎత్తున 42 కిలోమీటర్ల పరుగుకు ఫిట్’ అనే వాక్యం ఉన్నాయి. తేదీ పరుగుకు నెల లోపుది కావాలి.

ఆస్పత్రిలో తీసిన ఈసీజీ కాగితం పైన మెషీనే ‘సైనస్ బ్రాడీకార్డియా (గుండె నెమ్మదిగా కొట్టుకోవడం), అబ్‌నార్మల్’ అని కొట్టేసింది. నా నాడి నిమిషానికి 46. టెక్నీషియన్ నర్సును పిలిచాడు, నర్సు చక్రాల కుర్చీ తెప్పించింది. ‘కళ్లు తిరుగుతన్నాయేటండి బాబూ? ఇలాగే నడుచుకొచ్చీసారేటి?’ అని జాలిగా అడిగింది. పొద్దున్నే 15 కిలోమీటర్లు పరిగెత్తిన మనిషిని ఓపీ వరండాలో, తెలిసినవాళ్లందరూ చూస్తుండగా, తోసుకుంటూ తీసుకెళ్లారు. డాక్టరుగారు కాగితం చూసి పేస్‌మేకర్ మాట ఎత్తారు. ‘ఈ వయసులో కొండల మీద పరుగేమిటండీ, పిల్లలున్నారు కదా’ అని హితబోధ కూడా అయింది.

అసలు సంగతి ఏమిటంటే, ఏళ్ల తరబడి దూరాలు పరిగెత్తేవాళ్ల గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోస్తుంది, కాబట్టి విశ్రాంతిలో తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. మెషీన్‌కు మాత్రం 60 కన్నా తగ్గితే రోగమే. క్రీడాకారుల ఈసీజీ చదవడానికి 2017లో అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. నాడి 30 వరకు తగ్గినా, పీఆర్ విరామం (గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం చేరే సమయం) 200 మిల్లీసెకన్లు దాటి 400 లోపు ఉన్నా, కుడివైపు బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఆ వైపు సంకేతం ఆలస్యం కావడం) అసంపూర్ణంగా కనిపించినా, ఏ బాధా లేని శిక్షణ పొందిన మనిషికి అవి మామూలే అని అందులో ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. పాత ఈసీజీ ఉంటే అదీ తీసుకెళ్లండి. రెండూ ఒకేలా ఉంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది. అయితే ఈసీజీ గీతలో టీ వేవ్ అనే చివరి గుబ్బ, గుండె పక్కభాగాన్ని చూపే లీడ్లలో తిరగబడినా, ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉన్నా, పరిగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయినా వాదించొద్దు. ఎకో (గుండె స్కానింగు) చేయించుకోవాలి, కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

తరువాత టీఎంటీ, అంటే కదిలే బెల్టు మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష, రాశారు. ఛాతీ మీద జుట్టు గొరుగుతారు, లేకపోతే ఎలక్ట్రోడ్లు అంటుకోవు. బూట్లు గది బయట వదలమంటారు, కాబట్టి శుభ్రంగా ఉన్న జత ఒకటి సంచిలో తెచ్చుకుని లోపల వేసుకోవాలి. ఉత్తి కాళ్లతో బెల్టు మీద నడిస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. రెండు మూడు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దు. సాధారణంగా బ్రూస్ పద్ధతే వాడతారు: గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలై మూడు నిమిషాలకోసారి రెండూ పెరుగుతాయి, నాలుగో దశకు 6.7 కిలోమీటర్లు, 16 శాతం. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలన్న లక్ష్యం 220 లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం. 44 ఏళ్లకు 150. ఎంత భయపెట్టినా కమ్మీ పట్టుకుని వేలాడొద్దు, లెక్క తప్పుతుంది. 150 రాగానే ‘చాలండి, ఆపీద్దాం’ అంటారు. ఇంకా కొనసాగించమని అడగండి, ఓపిక ఎంతుందో రిపోర్టులో పడుతుంది.

అన్నీ బాగున్నాయని తేలాక కూడా డాక్టరుగారి సంతకం పడలేదు. ఆ ‘ఫిట్’ అనే మాట దగ్గరే ఆగిపోయింది. ఎక్కడో హిమాలయాల్లో ఏదైనా అయితే తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం, అందులో తప్పులేదు. దారి ఒకటే: ‘ఈ రోజు పరీక్షించిన మేరకు, దూర పరుగుకు వైద్యపరంగా అడ్డంకి కనిపించలేదు’ అని రాయమనాలి. ఇది రాయడానికి ఎవరూ వెనకాడరు. నిర్వాహకులకు ముందే మెయిల్ పెట్టి ఈ వాక్యానికి ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. ముద్రలో రిజిస్ట్రేషన్ నంబరు కనబడకపోతే తిప్పి పంపుతారు, అక్కడే చూసుకుని కదలాలి. హైదరాబాద్ వాళ్లు ఇదంతా ఒక స్పోర్ట్స్ క్లినిక్‌లో పూట పనిగా చేసుకుంటారట. మన జిల్లాలో నడిచే వాళ్లనే వింతగా చూస్తారు.

మిగతాది తేలిక. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊరి కన్నా మూడో వంతు తక్కువ. విమానం దిగాక మొదటి రెండు రోజులు పరుగు మాటే వద్దు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, లేహ్ చేరే ముందురోజు నుంచి, అదీ డాక్టరు చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం ఆ మందు గుణమే, కంగారు పడక్కర్లేదు.

తిండి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. నేను పల్లీ చెక్కీ, బెల్లం వాడాను. చోడంబలి ఇంటి దగ్గర బాగానే ఉంటుంది, చలికి సీసాలో గడ్డకట్టి మూతిలోంచి రాదు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకే, అరలీటరులో కలిపితే కడుపు తిప్పుతుంది. ఉప్పు లేని నీళ్లు దాహం లేకపోయినా గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, తల తిరిగి వాంతులవుతాయి. నొప్పి బిళ్లలు పరుగులో ముట్టుకోవద్దు, కిడ్నీలకు ముప్పు. విజిల్ తప్పనిసరి సామాను. ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

ఎక్కుడు నడవండి, సిగ్గుపడొద్దు. కాళ్లు పోయేది దిగుడులోనే. వెనక్కి వాలి మడమతో బ్రేకు వేస్తే తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, అందుకే మర్నాడు మెట్లు దిగలేం. అడుగు చిన్నది చేసి, నడుము కాస్త ముందుకు వంచి, అడుగులు వేగంగా వేయాలి. బూటు అర సైజు పెద్దది తీసుకుని, పై రంధ్రంలోంచి కూడా తాడు దూర్చి మడమ కదలకుండా బిగించాలి, లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. నా గోళ్లు పదీ పదిలంగా ఉన్నాయి, నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు.