గన్నేరు పెరట్లో ఉండొచ్చు, వంటింట్లోకి రాకూడదు

మనం గన్నేరు అని పిలిచే మొక్కలు కనీసం నాలుగున్నాయి. వాటిలో రెండు రకాలున్నాయి, ఏది తిన్నా నేరుగా గుండెకే ముప్పు. పేరొకటే కావడంతో ఏది ఏదో తెలియక తప్పు జరుగుతుంది.

మొదటిది ఎర్రగానో తెల్లగానో గులాబీరంగులోనో పూసేది. హైవే డివైడర్ల మీద వరసగా ఉండేది ఇదే. నీళ్లు పెద్దగా అడగదు, పశువులు ముట్టవు, రాత్రిపూట ఎదురుబండి లైటు కళ్లలో పడకుండా అడ్డుకుంటుంది. దీన్ని పువ్వును బట్టి కాకుండా ఆకును బట్టి గుర్తుపట్టండి. సాధారణంగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు, దళసరిగా, తోలులా ఉంటాయి. ఒక ఆకును వెలుతురుకు పట్టి చూడండి. మధ్యలో పాలిపోయిన లావుపాటి ఈనె, దాని నుంచి అంచుదాకా దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా సన్నని ఈనెలు కనిపిస్తాయి.

రెండోది పచ్చ గన్నేరు. ఆకులు ఇంకా సన్నం, నిగనిగలాడుతూ కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా వస్తాయి. తుంచితే పాలు కారతాయి. పువ్వు పసుపు గంటలా ఉంటుంది. కాయ పచ్చగా, మూలలు తేలి ఉండి, పండితే నల్లబడుతుంది. లోపల గట్టి టెంక, అందులో గింజలు. మొక్కంతా విషమే అయినా గింజల్లో మరీ ఎక్కువ. పిల్లలు ఆడుకోవడానికి ఏరుకునేది ఈ కాయలనే, కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ చెట్టు వద్దనే నా మాట. తీయలేకపోతే రాలిన కాయలు రోజూ ఊడ్చి పారేయండి.

దేవగన్నేరు వేరే చెట్టు. దాని పాలు ఒంటికి తగిలితే దురద పెట్టొచ్చు. బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క. దాని ఆకు షుగరుకు మంచిదని కషాయం కాచుకునేవాళ్లున్నారు. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చింది ఆ మొక్క నుంచే. అలాంటిదాన్ని గుప్పెడు లెక్కన మరిగించి తాగకూడదు. పైగా ‘గన్నేరు ఆకు మంచిదట’ అన్న మాట విని ఎవరైనా మొదటి రకం కోసుకొస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి రెండు రకాలనూ ఎండబెట్టినా ఉడికించినా విషం పోదు. పచ్చి ఆకు చేదుకి మేక మూతి తిప్పుకుంటుంది. ఎండాక ఆ చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. కొమ్మలు కత్తిరించి కుప్పేసినప్పుడు, ఆ ఎండాకు గడ్డిలో కలిసినప్పుడు పశువులు చచ్చిపోయేది అందుకే. గ్లవ్స్, నిండు చేతుల చొక్కా వేసుకుని కత్తిరించండి. ముక్కలన్నీ గోనెసంచిలో కట్టి పశువులకు అందనిచోట పడేయండి. కాల్చొద్దు, పొగ కూడా మంచిది కాదు. కత్తెర, చేతులు సబ్బుతో కడగండి. ఆ పుల్లతో పళ్లు తోమడం, పొయ్యి మీద గిన్నె కలపడం అసలే వద్దు.

పూజకు పువ్వు పెట్టొచ్చు, కానీ తీర్థంలో, ప్రసాదంలో, కలశం నీళ్లలో వేయొద్దు. కేరళలో గుళ్లను నిర్వహించే తిరువాన్కూర్ దేవస్వం బోర్డు 2024 మేలో నైవేద్యం, ప్రసాదాల్లో అరళిపూలు, అంటే మొదటి రకం గన్నేరే, వాడొద్దని నిర్ణయించింది. మన ఇళ్లలోనూ అదే పాటించడం మంచిది. పూలు కోశాక చేతులు కడుక్కున్నాకే ప్రసాదం ముట్టండి.

నోట్లోకి పోతే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, కళ్లు తిరగడం మొదలవుతాయి. తర్వాత నాడి నెమ్మదిస్తుంది లేదా లయ తప్పుతుంది. గుండె కండరం లోపలికీ బయటికీ లవణాలను నడిపించే పంపును ఈ విషం ఆపేస్తుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. వెంటనే నోట్లోని ముక్కలు తీసేసి, పుక్కిలించి ఉమ్మించండి. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించొద్దు. పాలు, నెయ్యి, చింతపండు రసం అంటూ గంటలు పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేయండి. వాంతులు తగ్గాయని ఇంటికి తీసుకొచ్చేయడం పెద్ద పొరపాటు. గుండె లయ గంటల తర్వాత కూడా చెడొచ్చు, అందుకే కనీసం 24 గంటలు ఈసీజీ మానిటర్ మీద ఉంచుతారు. అవసరాన్నిబట్టి కడుపులోని విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్), నాడి వేగం పెంచే అట్రోపిన్, తాత్కాలిక పేస్‌మేకర్ వాడతారు. డిగాక్సిన్ అనే గుండె మందు విషానికి వాడే యాంటీబాడీలు దీనికీ విరుగుడే గానీ, ఖరీదెక్కువ, అన్నిచోట్లా దొరకదు.

క్యాజువాలిటీలో ‘గన్నేరు తిన్నారు’ అంటే సరిపోదు. ఆకు, పువ్వు, కాయ ఉన్న కొమ్మను కవర్లో పెట్టి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఏ భాగం, ఎంత, ఎన్నింటికి తిన్నారో చెప్పండి.