చెచీలియా చేతిలో ఎర్మిన్

శనివారం, క్రాకోవ్ (పోలండ్)

పొద్దున బట్టలు ఉతుక్కుని, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకున్నాక మధ్యాహ్నం చర్తొరిస్కి మ్యూజియానికి వెళ్లాను. లియొనార్డో డావించి 1490 ప్రాంతంలో వాల్‌నట్ చెక్క మీద గీసిన ‘లేడీ విత్ ఏన్ ఎర్మిన్’ (ఎర్మిన్ అనే చిన్న జంతువును ఎత్తుకున్న యువతి) ఉన్నది ఇక్కడే. చిన్న చిత్రం, ఎత్తు అర మీటరుకు కాస్త ఎక్కువ. అందులోని అమ్మాయి చెచీలియా గల్లెరాని, మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జా ప్రియురాలు. నేపుల్స్ రాజు 1488లో లుదోవికోకు ఎర్మిన్ పేరిట ఒక గౌరవం ఇచ్చాడు. అందుకే ఆమె చేతుల్లోని జంతువు ఆయనే అని కూడా అంటారు.

అందరూ ఆమె ముఖం చూస్తున్నారు. నా చూపు మాత్రం ఆమె గౌను ఎర్రటి చేయి మీద ఆనించిన ఆ జంతువు పంజా దగ్గరే ఆగిపోయింది. గోళ్లు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి.

ఎర్మిన్ అంటే స్టోటే. మన ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వేసవిలో వీపు గోధుమ రంగు. మంచు కురిసే చోట చలికాలానికి ఒళ్లంతా తెల్లబడుతుంది, తోక కొస మాత్రం నల్లగానే ఉండిపోతుంది. ‘అర్మేనియా ఎలుక’ అనే లాటిన్ మాట నుంచి ఈ పేరు పుట్టిందంటారు. ఇంగ్లీషువాళ్లు ప్రాణంతో తిరిగేదాన్ని ఎక్కువగా స్టోట్ అని, దాని తెల్ల తోలును ఎర్మిన్ అని అంటారు.

నా మనసును కలచివేసేది ఆ తోలు సంగతే. రాజుల అంగీల అంచున తెల్ల బొచ్చులో కనిపించే నల్ల చుక్కలు అద్దకం కాదు. అసలైన ఎర్మిన్ అయితే ఒక్కో చుక్క ఒక్కో తోక కొస. చుక్కలు లెక్కపెడితే ఎన్ని ప్రాణాలు పోయాయో తెలిసిపోతుంది.

పైగా ఆ తెలుపుకు పవిత్రత అంటగట్టారు. బురద అంటిన గూట్లోకి పారిపోవడం కన్నా వేటగాడికి చిక్కడమే మేలనుకుంటుందని లియొనార్డో కూడా రాసుకున్నాడు. నిజానికి ఆ తెలుపు మంచులో కనబడకుండా ఉండటానికి. తోక కొసన ఆ నలుపేమో, గద్ద గురి తప్పించడానికి: 1982లో రోజర్ పావెల్ అనే శాస్త్రవేత్త గద్దలకు నమూనాలు చూపి పరీక్షించి ఈ సంగతి ప్రకటించాడు. గద్ద నుంచి కాపాడిన ఆ కొసే మనిషికి నగ అయింది.

ఈ చలికాలం అయిపోయేలోగా టాట్రా కొండలకు వెళ్లాలి. అక్కడ ఇవి ఉన్నాయి. లదాఖ్‌లోనూ ఉన్నాయి కానీ నాకు ఇప్పుడు టాట్రాయే దగ్గర.