సిస్టమ్స్ ఇంజనీరింగ్ ప్రిపరేషన్: నాణ్యత కొలతల్లో మార్కులు ఎక్కడ పోతాయి

ఈ చాప్టర్‌లో ఫార్ములాలు గుప్పెడే. మార్కులు పోయేది అవి రాక కాదు, ఇచ్చిన అంకె ఏ షరతు మీద నిలబడిందో చూడక. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు యూనిట్, కాలవ్యవధి, షరతు పక్కన రాసుకోండి.

ఎక్కువ సమయం రిలయబిలిటీకే (ఇచ్చిన కాలం పాటు ఫెయిల్ కాకుండా పనిచేసే సంభావ్యత) ఇవ్వండి. ఎంటీబీఎఫ్ (రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు కాలం) 1000 గంటలంటే పరికరం 1000 గంటలు ఆగకుండా నడుస్తుందని కాదు. ఫెయిల్యూర్ రేటు స్థిరంగా ఉంటే, 1000 గంటల దాకా ఫెయిల్ కాకుండా ఉండే సంభావ్యత 0.368 మాత్రమే. 100 గంటల మిషన్‌కైతే 0.905. కాలాన్ని ఎంటీబీఎఫ్‌తో భాగిస్తే 0.1 లోపు వచ్చినప్పుడు, 1 లోంచి ఆ విలువ తీసేస్తే చాలు, తేడా 0.005 దాటదు. అరుగుదల దశలో ఉన్న భాగాలకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడ వీబుల్ డిస్ట్రిబ్యూషన్ (కాలంతో మారే ఫెయిల్యూర్ రేటుకి వాడే నమూనా) కావాలి.

సమాంతరంగా (ఏ ఒక్కటి పనిచేసినా చాలు) 0.95 రిలయబిలిటీ చొప్పున రెండు యూనిట్లుంటే మొత్తం 0.9975 వస్తుంది. కానీ రెండింటికీ ఒకే పవర్ సప్లై ఉండి దాని రిలయబిలిటీ 0.98 అయితే, మొత్తం 0.978కి పడిపోతుంది. ప్రశ్నలో ‘ఉమ్మడి’ అన్న మాట కనబడితే బ్లాక్ డయాగ్రమ్ గీయకుండా ముందుకెళ్లకండి.

అవైలబిలిటీలోనూ (మొత్తం కాలంలో పరికరం పనిచేసే స్థితిలో ఉండే వంతు) ఇలాంటి ఉచ్చే ఉంది. ఎంటీబీఎఫ్ 1000 గంటలు, రిపేర్‌కి 10 గంటలైతే 1000/1010, అంటే 0.990. స్పేర్ కోసం ఇంకో 40 గంటలు ఎదురుచూడాల్సి వస్తే 1000/1050, అంటే 0.952. మొదటిది డిజైన్ గురించి చెబుతుంది, రెండోది వాడేవాళ్లకు నిజంగా అందేది.

సీపీ (పరిమితుల వెడల్పుని 6 సిగ్మాతో భాగిస్తే వచ్చేది), సీపీకే (సగటు నుంచి దగ్గరి పరిమితికి ఉన్న దూరాన్ని 3 సిగ్మాతో భాగిస్తే వచ్చేది) తేడాకి ఒక్క ఉదాహరణ సరిపోతుంది: పరిమితులు 9.7–10.3, సిగ్మా (ప్రామాణిక విచలనం) 0.05, సగటు 10.15. సీపీ 2, సీపీకే 1. ప్రాసెస్ కంట్రోల్‌లో (కాలంతో మారకుండా స్థిరంగా) లేకపోతే రెండూ అర్థం లేనివే. సిక్స్ సిగ్మా అనే నాణ్యతా పద్ధతిలో చెప్పే 3.4 పీపీఎంలో (పది లక్షలకు 3.4 లోపాలు) 1.5 సిగ్మా షిఫ్ట్ (సగటు అంత పక్కకి జరుగుతుందన్న అంచనా) కలిసే ఉంది.

ఎఫ్‌ఎంఈఏలో (ఏది ఎలా ఫెయిల్ కావచ్చో, దాని ప్రభావమేంటో ముందే విశ్లేషించే పద్ధతి) ఆర్‌పీఎన్‌ని (తీవ్రత, సంభవం, గుర్తింపు రేటింగుల లబ్ధం) గుడ్డిగా నమ్మకండి. తీవ్రత 10, సంభవం 2, గుర్తింపు 3 అయితే 60. 3, 5, 5 అయితే 75. ప్రాణాపాయమున్నది కిందికి పోయింది! రేటింగులు వరుసను మాత్రమే చెబుతాయి, వాటిని గుణించడమే అసలు లోపం. 2019 నాటి ఏఐఏజీ–వీడీఏ (అమెరికా, జర్మనీ వాహన పరిశ్రమ సంఘాలు) హ్యాండ్‌బుక్ ఆర్‌పీఎన్ స్థానంలో యాక్షన్ ప్రయారిటీని (ఏ సమస్యపై ముందు చర్య తీసుకోవాలో చెప్పే స్థాయి) పెట్టింది.

థియరీ ప్రశ్నలో ‘సిస్టమ్ వేగంగా ఉండాలి’ అని ఇస్తే, ‘ఒకేసారి 500 మంది వాడుతున్నప్పుడు 95 శాతం రిక్వెస్టులకు 2 సెకన్లలోపు జవాబు’ అని మార్చి రాయండి. సగటు ఇస్తే నెమ్మదైన ఆ చివరి రిక్వెస్టులు కనబడవు. ఎలా పరీక్షిస్తారో కూడా ఒక వాక్యం చేర్చండి.