ట్యూబ్ స్క్రీమర్‌లో ఏ కెపాసిటర్ ఎక్కడ?

గిటార్ పెడల్‌కి కెపాసిటర్లు కొనేటప్పుడు ముందు విలువ చూడాలి, తర్వాత రకం, బ్రాండ్ ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులు చేసి డబ్బు తగలేస్తారు. గిటార్ ధ్వనిని కావాలనే చిట్లించే (ఓవర్‌డ్రైవ్) పెడల్ ఐబనెజ్ టీఎస్808 ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్‌నే తీసుకుందాం.

దాని గొంతంతా క్లిప్పింగ్ దశలో (సిగ్నల్ కొసలు కోసి ధ్వనిని చిట్లించే చోట), 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌కి వరసలో ఉన్న 47 నానోఫారడ్ల దగ్గరుంది. 1ని 2 × పై × ఆర్ (రెసిస్టర్ విలువ) × సీ (కెపాసిటర్ విలువ) తో భాగిస్తే సుమారు 720 హెర్ట్జ్. ఆ కిందికి పోయేకొద్దీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గుతుంది కాబట్టే లావు తీగలు వాయించినా ధ్వని ముద్దగా అయిపోదు. 100 నానో పెడితే ఆ హద్దు 340కి దిగుతుంది, బేస్ కూడా బాగా చిట్లుతుంది. ఇక్కడికి 5 శాతం టాలరెన్స్ ఉన్న పాలియెస్టర్ బాక్స్ ఫిల్మ్ చాలు: కాళ్ల మధ్య 5 మి.మీ., 63 లేదా 100 వోల్టులు. పాలీప్రొపిలీన్‌కి తేడా వినబడుతుందనే మాట నేను నమ్మను. సైజు మాత్రం పెరుగుతుంది, బోర్డు మీద పట్టదు.

అదే చోట ఎక్స్7ఆర్ సెరామిక్ పెడితే పని నడుస్తుంది కానీ, మీద పడే వోల్టేజీని బట్టి దాని విలువ మారుతుంది. పైగా గెయిన్ పెంచి పెడల్ డబ్బా మీద వేలితో కొడితే ఆ దెబ్బ ఆంప్‌లో వినిపించవచ్చు. వై5వీ రకం సిగ్నల్ దారిలో అసలొద్దు, వేడికీ చలికీ విలువ విపరీతంగా పడిపోతుంది.

ఆప్ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్‌లోని, అంటే దాని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి తిరిగొచ్చే దారిలోని, 51 పికోఫారడ్లకు మాత్రం సెరామిక్కే సరైనది, విలువ దాదాపు మారని సీ0జీ రకం. డ్రైవ్ నాబ్ పూర్తిగా తిప్పితే అక్కడ 551 కిలో ఓమ్‌లు ఉంటాయి, అంటే 5.7 కిలోహెర్ట్జ్ పైన గెయిన్ తగ్గుతూ వస్తుంది. 51 దొరక్కపోతే 47 పెట్టండి, 6.1 అవుతుంది. వదిలేస్తే హిస్ (బుస్సుమనే చప్పుడు) పెరుగుతుంది.

టోన్ దగ్గరి 0.22 మైక్రోకి పాత పెడళ్లలో టాంటలమ్ ఉండేది. ఫిల్మ్ వేసేస్తే ప్లస్ మైనస్ గొడవే లేదు. టాంటలమే కావాలంటే జాగ్రత్త: ఎలక్ట్రోలైటిక్ మీది చార మైనస్ వైపు, టాంటలమ్ మీది గుర్తు ప్లస్ వైపు. తిరగేస్తే షార్టయ్యే ప్రమాదం ఉంది.

అవుట్‌పుట్‌లోని 10 మైక్రో ఎలక్ట్రోలైటిక్ ప్లస్ కాలు ట్రాన్సిస్టర్ వైపు ఉండాలి. దాని తర్వాత గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌లే ఉన్నాయి కాబట్టి 1 మైక్రో ఫిల్మ్ పెట్టినా హద్దు 16 హెర్ట్జ్ దగ్గరే. గిటార్ లావు ఇ తీగే 82 హెర్ట్జ్, కాబట్టి బేస్ పోదు.

సప్లైకి 100 మైక్రో, 25 వోల్టులు. 16 వోల్టులది 9కి సరిపోతుంది, కానీ ఎవరో ఒకరు 18 వోల్టుల అడాప్టర్ గుచ్చుతారు. ఆప్ఆంప్ కాళ్లకు ఆనుకుని 100 నానో ఎక్స్7ఆర్ వేయండి, అక్కడ దాని లోపాలేవీ అడ్డురావు.

సోల్డర్ చేసేముందు కెపాసిటర్ మీది అంకెలు ఇంకోసారి చూడండి. 473 అంటే 47 నానో, 472 అంటే 4.7. ఇవి తారుమారైతే 720 కాస్తా 7200 అవుతుంది. అప్పుడు గెయిన్ లేక ధ్వని పీలగా వస్తుంది, జనం ఆప్ఆంప్ పోయిందనుకుని అది మారుస్తారు.